దేవునికీ తెర ఉన్నది
(కార్తికమాస ధర్మోపన్యాసము)



గత సోమవారం ఉపన్యాసం ముగిసి, తీర్థప్రసాదాలు స్వీకరిస్తున్న వేళ ఒక యువకుడు నన్ను సమీపించి ఇట్లు ప్రశ్నించినాడు. "అయ్యగారూ! ఓట్లు అడిగేటప్పుడు మా వాకిట్లోకి వచ్చి చేతులు జోడించినవారు, గెలిచిన తరువాత 'నా ఇంటి సంగతి మీకెందుకు?' అంటే మేము ఒప్పుకోవలెనా? ప్రజల మనిషికి స్వంత జీవితమంటూ ఒకటి ఉంటుందా?" నేను సమాధానం చెప్పబోయేంతలో పక్కనే నిలిచిన ఒక వృద్ధమాత అందుకొని, "గట్లంటే ఎట్ల బిడ్డా? ఆ ఇంట్ల ఉన్న ఆడపిల్లలు ఏం పాపం చేసిండ్రు?" అన్నది.

ఆ యువకుని మాటలో న్యాయం ఉన్నది. ఆ తల్లి మాటలోనూ న్యాయం ఉన్నది. రెండు న్యాయాలు ఎదురెదురుగా నిలిచినప్పుడు వాటి మధ్య దారి చూపవలసినది ధర్మశాస్త్రం. కనుక నేటి సాయంకాలం ఈ ఒక్క విషయాన్నే విచారించుకుందాము.

మొదట మన కళ్ళ ముందున్న ఈ గర్భాలయం వైపు చూడండి. లోకంలో అందరికంటె అధికంగా ప్రజలకు చెందినవాడు ఎవరు? భగవంతుడే కదా! ధనికుడు, పేద, పండితుడు, పామరుడు అను భేదం లేకుండా ఎవరైనా ఆయన ఎదుట నిలిచి 'నావాడు' అనవచ్చును. అటువంటి స్వామికి కూడా నివేదన వేళ అర్చకుడు తెర వేస్తాడు. అలంకారం జరుగునప్పుడు తెర వేస్తాడు. రాత్రి పవళింపు సేవ ముగిసిన పిమ్మట తలుపులు మూసి అందరూ వెలుపలికి వస్తారు. ఏ భక్తుడూ 'నేను కానుక వేసినాను, తెర తీయండి' అని పట్టుబట్టడు. పట్టుబడితే అది భక్తి అనిపించుకోదు.

అదే ఆలయంలో హుండీ లెక్కింపు ఎట్లు జరుగుతున్నది? దేవాదాయ శాఖ అధికారుల సమక్షంలో, ధర్మకర్తల ఎదుట, పది మంది కూర్చుండి మంటపంలో లెక్కిస్తారు. వచ్చిన మొత్తం ఎంతో ప్రకటిస్తారు. స్వామివారి ఆభరణాలు పుస్తకంలో వ్రాసి ఉంటాయి. అక్కడ తెర వేస్తామంటే మీరు ఒప్పుకోరు, ఒప్పుకొనరాదు కూడా.

మహాశయులారా, నివేదనకు తెర ఉన్నది. హుండీకి తెర లేదు. ఈ భేదాన్ని మన పెద్దలు శాస్త్ర వాక్యంగా గాక ఆచారంగా నిలిపి మనకు ఇచ్చినారు. ప్రజల మనిషి విషయంలోనూ ఇదే కొలత. ఆయన భోజనం, నిద్ర, దాంపత్యం, రోగం, దుఃఖం, పూజ తెర లోపలివి. ఆయన చేతి మీదుగా నడిచే ప్రజల ధనం, ప్రజలిచ్చిన అధికారం, ప్రజల ఎదుట చేసిన ప్రమాణం తెర బయటివి. చిక్కు ఎక్కడ వస్తుంది? హుండీని తీసుకొనిపోయి తెర వెనుక దాచినప్పుడు వస్తుంది. నివేదన వేళ ఎవరో తెర లాగివేసినప్పుడు వస్తుంది. ఈ రెండు అపచారాలనూ మన పురాణాలు ఎరుగును.

మహాభారతంలో ఆదిపర్వ కథను స్మరించండి. పాండవులు ఐదుగురూ నారదుని ఎదుట ఒక నియమం చేసుకొన్నారు. ద్రౌపదితో ఒకరు ఏకాంతంలో ఉన్నప్పుడు మరొక సోదరుడు అక్కడికి పోరాదు. పోతే బ్రహ్మచర్య వ్రతంతో వనవాసం చేయవలెను. ఒకనాడు ఒక బ్రాహ్మణుని గోవులను దొంగలు తోలుకొనిపోయినారు. ఆయన రాజద్వారం ముందు నిలిచి ఆక్రోశించినాడు. అర్జునుని ఆయుధాలు ధర్మరాజు, ద్రౌపది ఉన్న మందిరంలో ఉన్నాయి. లోపలికి పోతే నియమభంగం. పోకుంటే ప్రజారక్షణకు భంగం. అర్జునుడు లోపలికి పోయినాడు, ధనుస్సు తీసుకొన్నాడు, గోవులను విడిపించి తెచ్చినాడు. తిరిగివచ్చి అన్నగారికి నమస్కరించి, నియమం ప్రకారం వెడలిపోవుటకు అనుజ్ఞ కోరినాడు. ధర్మరాజు, 'తమ్ముడు అన్న ఇంటికి వచ్చుట దోషం కాదు, ఉండు' అని బతిమాలినాడు. అర్జునుడు ఒప్పుకొనలేదు. ధర్మానికి సాకులు పనికిరావని మీరే నేర్పినారు కదా అని తీర్థయాత్రకు బయలుదేరినాడు.

ఈ కథలో మూడు సూక్ష్మాలు ఉన్నాయి. ఒకటి, ప్రజారక్షణకు అవసరమైనప్పుడు ఏకాంత మందిరంలో అడుగుపెట్టక తప్పదు. రెండు, అర్జునుడు ధనుస్సు కొరకు పోయినాడు, ధనుస్సు తీసుకొన్నాడు, వచ్చినాడు. చూచినదానిని ఎవరికీ చెప్పలేదు. మూడు, పని న్యాయమైనదైనా గడప దాటినందుకు మూల్యం తానే చెల్లించినాడు. గోవుల కొరకు పోయినవాడు గోవులతోనే తిరిగి రావలెను. గోవుల పేరు చెప్పి లోపలికి పోయి కథలతో తిరిగివచ్చేవాడు అర్జునుడు కాడు.

ఇక రెండవ కథ మీ అందరి కన్నులనూ చెమర్చినదే. వాల్మీకి పేరున ఉన్న ఉత్తరకాండలో భద్రుడు అనువాడు వచ్చి, పురజనులు వీధులలో ఏమనుకొంటున్నారో శ్రీరామునికి విన్నవిస్తాడు. జనశ్రుతిలో అది రజకుని మాటగా ప్రచారంలో ఉన్నది గాని, ఉత్తరకాండలో ఆ మాట ఒక్క నోటిది కాదు, కూడళ్ళదీ, అంగళ్ళదీ. రాముడు సేతువు కట్టినాడని, రావణుని వధించినాడని మెచ్చుకొంటూనే ఆ జనులు సీతమ్మ వారిని గూర్చి నాలుక కదిలించినారు. శ్రీరాముని నిర్ణయాన్ని తూచుటకు నాకు అధికారం లేదు. నేను తూచదలచినది అయోధ్యా ప్రజల నాలుకను.

వారు రాజును అన్నామనుకొన్నారు. శిక్ష ఎవరికి పడినది? నింద పడినది సింహాసనం మీద. అడవికి పోయినది నిండు గర్భిణి. రాజు రాజ్యం ఏలుతూనే ఉన్నాడు. ఆ మాటలు అన్నవారు మరునాడు తమ అంగళ్ళు తెరచుకొనే ఉంటారు. అశ్వమేధ సభలో వాల్మీకి మహర్షి సీతాదేవిని తీసుకొనివచ్చి ఆమె పవిత్రతకు తన తపస్సునే సాక్ష్యంగా నిలిపినాడు. అప్పటికి ఆలస్యమైనది. ఆ తల్లి భూమిలోనికి వెళ్ళిపోయినది. మొన్న మా వృద్ధమాత అడిగిన ప్రశ్నకు మూలం ఇదే. పెద్దవారి ఇంటి తెర లాగితే ముందుగా గాయపడేది ఆ పెద్దమనిషి కాదు. ఆయన భార్య, బిడ్డలు, ఆయనను నమ్మి మాట చెప్పుకొన్నవారు.

అయితే ఇంటి గుట్టు ఎప్పుడూ బయటపెట్టరాదనేనా ధర్మం? మనవారి సామెత ఒకటి ఉన్నది: ఇంటి గుట్టు లంకకు చేటు. ఈ సామెతను మనం విభీషణుని ఆక్షేపించుటకు వాడుతున్నాము. ఆలోచించండి. లంకకు చేటు తెచ్చినది గుట్టు బయటపడుట కాదు, ఆ గుట్టు కాపాడుతున్న అధర్మం. విభీషణుడు మొదట అన్నకే చెప్పినాడు, నిండు సభలో చెప్పినాడు, అవమానింపబడిన తరువాతనే లంక విడిచినాడు. రామునికి చెప్పినవి కూడ రావణుని అంతఃపురం ముచ్చట్లు కావు. చెరలో ఉన్న ఒక స్త్రీని విడిపించుటకు అవసరమైనవి. పరాయి స్త్రీని చెరపట్టినవాడు 'ఇది నా స్వంత విషయం' అనలేడు. నాలుగు గోడల నడుమ భార్యను కొట్టినవాడు, పనిపిల్లను హింసించినవాడు, ఆడబిడ్డపై అత్యాచారం చేసినవాడు ఎంతటి పెద్దవాడైనా ఆ గోడలు వానికి కోట కాజాలవు. పీడింపబడిన ప్రాణి ఆక్రోశించినప్పుడు ఏకాంతం అను మాటకు అర్థం లేదు.

పురాణం ఇట్లు చెప్పినది. నేటి ధర్మాసనం ఏమి చెప్పినదో కూడ తెలుసుకుందాము. ఇందులో తెలుగువారు గర్వించదగిన అంశం ఒకటి ఉన్నది.

1962 డిసెంబరు 18న ఖడక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పోలీసులు అనుమానితుని ఇంటికి అర్ధరాత్రి పోయి తలుపు తట్టవచ్చునా అన్నది అందలి ప్రశ్న. రాత్రివేళ ఇంటికి పోవుట తగదన్నారు గాని, ఏకాంత హక్కు రాజ్యాంగంలో లేదని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు అభిప్రాయపడినారు. ఆ ధర్మాసనంలో ఉండి, ఏకాంతం మనిషి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని భిన్నాభిప్రాయం వ్రాసినవారు మన కోకా సుబ్బారావు గారు. తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయినవారు. ఆనాడు ఆ అభిప్రాయం నెగ్గలేదు. యాభై యేండ్లు దాటిన తరువాత, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించినారు. ఆ తొమ్మండుగురిలో మరొక తెలుగువారు, జాస్తి చలమేశ్వర్ గారు ఉన్నారు. ఒంటరిగా పలికిన ధర్మవాక్కు వృథా పోదనుటకు ఇది నిదర్శనం.

1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సరిత అను సినీనటి కేసు వచ్చినది. భార్య భర్తతో కాపురం చేయవలెనని న్యాయస్థానం ఆజ్ఞాపించవచ్చునా అన్నది ప్రశ్న. జస్టిస్ పి.ఎ. చౌదరి గారు, ఒక స్త్రీ శరీరం మీద, మనస్సు మీద నిర్ణయం ఆమెదేనని, అటువంటి ఆజ్ఞ ఆమె ఏకాంతానికి భంగమని తీర్పు చెప్పినారు. మరుసటి సంవత్సరమే వేరొక కేసులో సుప్రీంకోర్టు ఈ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చినది. అయినను ఆ తీర్పు ఒక సంగతి గుర్తుచేసినది. వెండితెరపై లక్షలమంది చూచిన ముఖమైనా, ఆ మనిషి జీవితం టిక్కెట్టు కొన్నవారిది కాదు.

1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా హద్దు గీచినది. తన కుటుంబం, వివాహం, సంతానం, విద్య మొదలైన విషయాలలో ప్రతి పౌరునికీ ఏకాంతం ఉన్నది. అయితే ప్రజాపదవిలో ఉన్నవారు తమ ఉద్యోగ ధర్మానికి సంబంధించిన పనుల విషయంలో ఆ హక్కును అడ్డు పెట్టుకోజాలరని తేల్చినది. 2002లో, ఎన్నికలలో నిలిచేవారు తమ ఆస్తులు, అప్పులు, నేరచరిత్ర, విద్యార్హతలు ఓటరుకు తెలుపవలెనని ఆ న్యాయస్థానమే ఆదేశించినది. తన భార్య ఆస్తి కూడ ఎందుకు చెప్పవలెనని ఎవరైనా అడిగితే, హుండీని తెర వెనుక పెట్టకుండుటకేనని మన సమాధానం.

ఈ హద్దు ఎంత సన్ననిదో చెప్పుటకు ఒక దృష్టాంతం. 2009 డిసెంబరులో నాటి ఆంధ్రప్రదేశ్ గవర్నరు నారాయణదత్త తివారీ గారి ఏకాంతానికి సంబంధించినవని చెప్పబడిన దృశ్యాలను ఒక తెలుగు వార్తా చానల్ ప్రసారం చేసినది. ఆయన ఆ ఆరోపణలను ఖండించినారు. ప్రసారాన్ని నిలిపివేయమని హైకోర్టు ఆదేశించినది. ఆరోగ్య కారణాలు చూపి ఆయన ఆ నెల 26న రాజీనామా చేసినారు. ఆ దినాలలో ఇంటింటా జనం అడిగిన ప్రశ్నలు రెండు విధాలు. రాజ్‌భవనాన్ని, పదవిని ఎవరైనా స్వార్థానికి వినియోగించినారా అన్నది మొదటిది. అది అడుగవలసిన ప్రశ్న, అడుగుటకు ప్రజలకు హక్కు ఉన్నది. ఆ దృశ్యాలలో ఏమున్నదన్నది రెండవది. అది ధర్మజిజ్ఞాస కాదు, చాపల్యం. మొదటి ప్రశ్నకు సమాధానం రాబట్టుటకు దర్యాప్తు చాలును; ఇంటింటి పెట్టెలో పసిపిల్లల ఎదుట ఆ చిత్రాలు తిరుగవలసిన పని లేదు.

ఇప్పుడు మన గడప వద్దకే వద్దాము. 2024 మార్చిలో హైదరాబాదులోని పంజాగుట్ట పోలీసు స్టేషనులో ఒక కేసు నమోదైనది. మావోయిస్టుల కదలికలపై నిఘా కొరకు ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలోని సాధనాలతో, రాజకీయ నాయకుల, వ్యాపారుల, పాత్రికేయుల ఫోను మాటలు దొంగచాటుగా విన్నారని, తరువాత సాక్ష్యం మిగలకుండ హార్డు డిస్కులను ధ్వంసం చేసినారని ఆరోపణ. ఆ నెలలో అరెస్టయిన పోలీసు అధికారులలో ఒకరు అప్పటికి మన భూపాలపల్లి జిల్లాలోనే అదనపు ఎస్పీగా ఉన్నవారు. హైకోర్టు న్యాయమూర్తి ఫోను సైతం విన్నారని పత్రికలలో రాగా, ఆ జూన్‌లో హైకోర్టు తనంతట తాను విచారణ చేపట్టినది. ఆరోపణ వేరు, నిర్ధారణ వేరు. ఎవరు దోషులో, ఎవరు నిర్దోషులో చెప్పవలసినది న్యాయస్థానమే గాని ఈ వేదిక కాదు.

అయితే ఆ వార్త విన్నప్పుడు మనలో కొందరు, 'పెద్దోళ్ళ ఫోన్లు పెద్దోళ్ళు విన్నారు, మనకేమి?' అన్నారు. ఇది నాకు బాధ కలిగించినది. ఫోనుకు రెండు కొనలుంటాయి. ఒక కొన నాయకుని చేతిలో ఉంటే రెండవ కొన ఎవరి చేతిలో ఉన్నది? ఆసుపత్రి ఖర్చుకు సహాయం అడిగే పేదతల్లి చేతిలో ఉండవచ్చును. అత్తవారింటి బాధ తండ్రికి చెప్పుకొంటున్న కుమార్తె చేతిలో ఉండవచ్చును. న్యాయమూర్తి మాట వినగలిగినవాడు రేపు న్యాయాన్నే బెదిరించగలడు. పెద్దవాని ఏకాంతం పోయిన ఊరిలో చిన్నవాని ఏకాంతానికి కాపలా ఉండదు.

మన ప్రాంతం నిఘా అంటే ఏమిటో ఎరుగని ప్రాంతం కాదు. గోదావరి ఒడ్డు అడవులలో దశాబ్దాల పాటు అటువారి చూపు, ఇటువారి చూపు రెండింటి మధ్య బ్రతికిన పల్లెలు ఉన్నాయి. రాత్రి తలుపు తట్టిన చప్పుడు ఎట్లుంటుందో ఆ పల్లెల పెద్దలను అడగండి. నిఘాయే వలదని నేను అనుట లేదు. కౌటిల్యుడు సైతం అమాత్యులను రహస్యంగా పరీక్షించుటకు ధర్మ, అర్థ, కామ, భయములనెడి నాలుగు ఉపధలు చెప్పినాడు. ఆ పరీక్ష దేనికొరకు? వాడు ఏ పదవికి తగినవాడో తెలియుటకు. అంగడిలో చెప్పుకొనుటకు కాదు. 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు కూడా ఫోను వినుటకు ఉన్నతాధికారి వ్రాతపూర్వక ఆజ్ఞ, నిర్ణీత గడువు, సమీక్షా సంఘం ఉండవలెనని నియమించినది. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఫోను వినికిడి వివాదంలో పదవి వదలుకొన్నారు. అర్జునుడు గడప దాటి మూల్యం చెల్లించినట్లే, అధికారంతో గడప దాటినవారు జవాబు చెప్పవలసినదే.

కనుక, నాయనలారా, ఎవరి ఇంటి మాటయినా మీ చెవిని పడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొనండి.

మొదటిది: ఈ సంగతి ఆయన చేపట్టిన పదవిని, ప్రజల ధనాన్ని, చేసిన ప్రమాణాన్ని తాకుతున్నదా? సర్పంచి గారి ఇంట్లో అత్తాకోడళ్ళకు పొసగుట లేదన్నది మన సంగతి కాదు. సర్పంచి గారి బావమరిది పేరనే అన్ని పనులూ పోతున్నాయంటే అది ఊరి సంగతి. ఒకరి వ్యాధి వారి స్వంతం. ఆ వ్యాధి వలన నెలల తరబడి దస్త్రాలు కదలకుంటే అంతమేరకు ప్రజలది.

రెండవది: దీనివలన ఏ ప్రాణికైనా హింస జరుగుతున్నదా? జరుగుతుంటే మౌనమే పాపం. అయితే చెప్పవలసిన చోటు పోలీసు స్టేషను, న్యాయస్థానం, రచ్చబండ కాదు. అక్కడ కూడ బాధితురాలి పేరు కాపాడుట మన విధి.

మూడవది: ఈ మాట నా వద్దకు ఏ దారిన వచ్చినది, నా నుండి ఏ దారిన పోవుచున్నది? దొంగచాటుగా తీసిన చిత్రమైతే, చూచినవాడు కూడ ఆ దొంగతనంలో పాలుపంచుకొన్నవాడే. పూర్వం అపవాదు ఒక వాడ నుండి మరొక వాడకు పోవుటకు ఒక పూట పట్టేది. ఆ పూటలో ఎవరో ఒక పెద్ద 'నోరు మూయండి' అనుటకు వ్యవధి ఉండేది. నేడు ప్రతి చేతిలో ఫోను ఉన్నది, వేలు కదిలినంతలో వేయి ఇండ్లకు చేరుతున్నది. ఆ పెద్దరికం ఇప్పుడు మన వేలికే రావలెను.

ప్రజాజీవితంలో ఉన్నవారికి కూడా ఒక మనవి. తెరను గౌరవించమని మేము ప్రజలకు చెప్పుచున్నాము. మీరు దానిని గౌరవనీయంగా ఉంచుకొనండి. ఎన్నికల వేళ భార్యాబిడ్డలను వేదిక ఎక్కించి ఓట్లు అడిగి, ప్రశ్న వచ్చిన వేళ 'నా కుటుంబాన్ని లాగవద్దు' అనుట తగదు. మన జిల్లా ఎవరి పేరు ధరించినదో ఆ ఆచార్య కొత్తపల్లి జయశంకర్ గారిని చూడండి. ఆజన్మ బ్రహ్మచారి. ఆయన ఏమి బోధించినారో, ఏమి వ్రాసినారో, దేనికొరకు జీవితం ధారపోసినారో జనం చెప్పుకొంటారు. పని పెద్దదైనచోట కథలకు చోటు చాలదు.

చివరగా, మన కాళేశ్వర క్షేత్రాన్ని స్మరించి ముగిస్తాను. అక్కడ గోదావరి, ప్రాణహిత కంటికి కనబడతాయి. సరస్వతి అంతర్వాహిని, కనబడదు. కనబడలేదని సరస్వతి లేదని ఎవరూ అనలేదు. చూపించమని ఎవరూ నదిని త్రవ్వలేదు. 2025 మే నెలలో పుష్కరాలకు వచ్చిన జనమంతా ఆ కనబడని నదికే నమస్కరించి మునిగినారు. ప్రతి మనిషిలోనూ అటువంటి అంతర్వాహిని ఒకటి ఉంటుంది. దానికి నమస్కరించి ఊరకుండుటే మర్యాద.

అక్కడనే ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉన్నాయి. ఒకరు కాళేశ్వరుడు, అనగా యమధర్మరాజు, మరొకరు ముక్తేశ్వరుడు. ఆచారం ప్రకారం ముందు కాలునికి పూజ, తరువాత శివునికి. ప్రజల కన్నుల నుండి తెర కాపాడవచ్చును గాని, ఆ కాలుని ఎదుట తెర లేదు. నాయకుడు తెర వెనుక చేసినదీ ఆయన లెక్కలో ఉన్నది. మనం ఆ తెరను తొలగించి చూచినదీ, చూచి నలుగురికి పంచినదీ ఆయన లెక్కలోనే ఉన్నది. ముందు ఆ లెక్క సరిచూచుకొన్నవానికే తరువాతి లింగం వద్ద ముక్తి.

మొన్న ప్రశ్న అడిగిన ఆ యువకుడు నేడు ఈ సభలో ఉన్నాడు. నాయనా, హుండీ లెక్క అడుగు; గట్టిగా అడుగు, జంకవలదు. తెర వేసిన వేళ మాత్రం, నీ ప్రక్కన నిలిచిన ఆ తల్లి వలె కన్నులు మూసుకొని చేతులు జోడించు. ధర్మం ఈ రెండింటిలోనూ ఉన్నది.

శుభం భూయాత్. స్వస్తి.